కప్పు పట్టుకున్న చెయ్యి

తెల్లవారేసరికి వాకిట్లో మోకాలెత్తు మంచు పడి ఉంది. లేలండ్ బ్రెక్కి అప్పటికే రోడ్లన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. అతను కౌంటీ వాళ్ళ, అంటే జిల్లా వాళ్ళ, మంచు తోసే లారీ నడుపుతాడు. అరవై దాటి చాలా కాలమైంది. ఇక మానెయ్యమని ఎవరైనా అంటే వినడు, విన్నట్టు కూడా కనపడడు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, కోటు కొక్కేనికి తగిలించి, ఎడమ చెయ్యి పంట్లాం జేబులో పెట్టుకునే వంటింట్లోకి వచ్చాడు.

బల్ల దగ్గర కూతురు సోల్వే కూర్చుని ఉంది. ఎదురుగా లాప్‌టాప్. తెర మీద ఒకదాని కింద ఒకటి హాస్పిటళ్ళ పేర్లు. ఆమె రెండో పేరును వేలితో పైకి లాగింది. కాసేపు చూసింది. మళ్ళీ కిందికి దించింది.

"ఇంకా అదేనా?" అన్నాడు లేలండ్.

"ఇవాళ సాయంత్రమే ఆఖరు నాన్నా."

"అయితే సాయంత్రం దాకా ఆ రెండిటినీ మెట్లెక్కించి దింపుతూ కూచుంటావా?"

సోల్వే వైద్యం చదువు ఈ వేసవితో అయిపోతుంది. నరాల డాక్టరు కావాలంటే ఇంకో నాలుగేళ్ళు ఏదో ఒక హాస్పిటల్లో పని నేర్చుకోవాలి. ఎక్కడ నేర్చుకుంటుందో తేల్చేది ఆ వరస. దాన్ని మ్యాచ్ అంటారు. పిలిచి మాట్లాడిన చోట్లన్నిటినీ తన ఇష్టం ప్రకారం వరసగా రాసి పంపాలి. ఆ హాస్పిటళ్ళూ తమ దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్ళ పేర్లు అలాగే రాస్తాయి. కంప్యూటరు రెండిటినీ కలుపుతుంది. కింద రాసిన పేర్లతో ఆమెకు ఇబ్బంది లేదు. పై రెండిటితోనే. ఒకటి బోస్టన్‌లోని పెద్ద హాస్పిటల్. రెండోది ఇక్కడికి రెండు గంటల దూరంలో, నది ఒడ్డు పట్నంలో ఉంది. నది హాస్పిటల్ అంటారు అందరూ.

ఆరేళ్ళ కిందట సోల్వే తల్లి కొరీన్ చనిపోయింది నది హాస్పిటల్లోనే. అప్పటినుంచి లేలండ్ ఆ వైపు కౌంటీ హద్దు దాటలేదు. పన్ను నొప్పి వచ్చినా, లారీకి సామాను కావాలన్నా రెండింతల దూరమైనా సరే అవతలి దిక్కుకే వెళ్ళాడు.

అతను గుడ్లు వేయించాడు. కుడి చేత్తో పెనం పెట్టాడు. కుడి చేత్తో గరిటె తిప్పాడు. కుడి చేత్తోనే ఉప్పు చల్లాడు. ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. సోల్వే అది చూసి, చూడనట్టు తెర వైపు తిరిగింది.

"అలా చూడకు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఎలా చూశాను?"

"పశువుల డాక్టరు ఆవుని చూసినట్టు."

"నడుస్తుంటే ఆ చెయ్యి ఊగట్లేదు నాన్నా. ఊరికే కూచున్నప్పుడు బొటనవేలు వణుకుతోంది. ఎవరికైనా చూపించు."

"నువ్వు చూశావుగా."

"నేనింకా డాక్టర్ని కాలేదు."

"అయితే చూడకు."

ప్లేటు ఆమె ముందు పెట్టాడు. తను నిలబడే తిన్నాడు. సోల్వే ఫోర్కుతో గుడ్డును ముక్కలు చేసింది కానీ నోట్లో పెట్టుకోలేదు. రెండు వారాల కిందట ఇదే బల్ల దగ్గర ఆమె ఒక మాట అంది. నీ చెయ్యి చూస్తే భయంగా ఉంది, నేను దగ్గర్లో ఉండాలి, అందుకే నది హాస్పిటల్ని మొదట రాస్తాను, నీ కోసమే అంది. అతను విని, నా కోసం వద్దు, బోస్టన్ రాయి అన్నాడు. అంతటితో ఆగలేదు. ఆ గుమ్మం నా ఇంట్లోవాళ్ళు తొక్కరు, తొక్కితే ఆ హాస్పిటల్ కోటు వేసుకుని ఈ ఇంటికి రావద్దు అన్నాడు. అతను అన్న మాట వెనక్కి తీసుకోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

"మళ్ళీ చెప్పాలా?" అన్నాడిప్పుడు.

"అక్కర్లేదు. గుర్తుంది."

"బోస్టన్ రాయి. కెఫేలో అందరికీ చెప్పేశాను కూడా."

"ఎవరు చెప్పమన్నారు?"

"వాళ్ళు అడిగారు. నేను చెప్పాను."

సోల్వే బోస్టన్‌ను పైకి లాగింది. గుండె తేలికైంది. ఆ తేలికదనం చూసి ఆమెకే అనుమానం వచ్చింది. బోస్టన్‌లో మాట్లాడి వచ్చిన రోజు వీపు నిటారుగా పెట్టుకుని నడిచింది. అక్కడి మనుషులు చురుకైనవాళ్ళు. చూపించిన గదులన్నీ వెలిగిపోతున్నాయి. నది హాస్పిటల్లో మాట్లాడి వచ్చిన రోజు కార్లో కూర్చుని, తాళం తిప్పకుండా చాలాసేపు ఏడ్చింది. ఒక చోటు ఏడిపించిందంటే అది కావాలనా, అక్కడినుంచి పారిపొమ్మనా? చదువు చెప్పినవాళ్ళందరిదీ ఒకటే సలహా. వాళ్ళేం చేస్తారో ఊహించొద్దు, నీకేది కావాలో ఆ వరసలో రాయి. తనకేం కావాలో తెలిసినవాళ్ళకు అది మంచి సలహాయే.

ఆమె నది హాస్పిటల్ని మళ్ళీ పైకి లాగింది. ఈసారి ఊపిరి బిగిసింది.

వాకిట్లో పార పడిన చప్పుడు, తర్వాత తిట్లు వినిపించాయి. లేలండ్ అక్క మార్లిస్ వస్తోంది. ఆమెది పక్క వీధి. తలుపు తట్టడం ఆమెకు అలవాటు లేదు. చేతిలో గుడ్డ చుట్టిన హాట్‌డిష్ కూర గిన్నెతో, టోపీ నిండా మంచుతో లోపలికొచ్చింది.

"కౌంటీ రోడ్లన్నీ అద్దంలా చేస్తాడు, సొంత వాకిట్లో మాత్రం తోడబుట్టినదాని కాలు విరగాలి," అంది. "ఏమే పిల్లా, పంపించేశావా? కంప్యూటరు మింగేసిందా?"

"ఇంకా లేదత్తా."

"నాకు మళ్ళీ చెప్పు. నువ్వు వాళ్ళని రాస్తావు, వాళ్ళు నిన్ను రాస్తారు, ఎవరికెవరొస్తారో ఎవరికీ తెలీదు. లెజియన్ క్లబ్బులో శనివారం మాంసం పొట్లాలకి తీసే లాటరీ లాంటిదేగా?"

"లాటరీ కాదు. నేను మొదట రాసినవాళ్ళ దగ్గర నాకు చోటుంటే అక్కడికే. లేకపోతే రెండోది. ఒకసారి కలిపాక కాదనడానికి లేదు."

"అయితే పెళ్ళి."

"నాలుగేళ్ళ పెళ్ళి. విడాకుల్లేవు."

"నాలుగేళ్ళకే అయిపోతుందా?" మార్లిస్ గిన్నె పొయ్యి పక్కన పెట్టి టోపీ దులిపింది. "మీ మామయ్యతో నాకా సదుపాయం లేకపోయింది."

"అక్కా, కాఫీ తాగు. మాటలు తగ్గించు," అన్నాడు లేలండ్.

"తాగుతా. ముందు దీన్ని చూడనీ. మొహం చూడు, ఉడకబెట్టి చల్లార్చిన బంగాళాదుంపలా ఉంది. ఇంకా ఏం ఆలోచిస్తున్నావే?"

"ఆలోచించేదేం లేదు. బోస్టన్ రాస్తుంది," అన్నాడు లేలండ్.

"బోస్టనేంటి?" అంది మార్లిస్. "క్రిస్మస్‌కి లెఫ్సె రొట్టెలు వత్తుతున్నప్పుడే చెప్పిందిగా, ఆ నది హాస్పిటల్ తప్ప ఇంకెక్కడా వద్దని. పిండిలో చేతులు పెట్టి ఒకటే ఏడుపు. ఈసారి రొట్టెలు ఉప్పగా వచ్చాయని గొణిగావు, ఎందుకనుకున్నావు?"

అని నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు. సోల్వే కళ్ళు మూసుకుంది. మార్లిస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చేతిలో టోపీని బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"క్రిస్మస్‌కా?" అన్నాడు లేలండ్.

"క్రిస్మస్‌కి ముందే," అంది మార్లిస్ నెమ్మదిగా.

అతను కూతురి వైపు తిరిగాడు. "నా చెయ్యి వణకడం ఎప్పుడు చూశావు?"

"జనవరి చివర్లో."

"అంటే చెయ్యి తర్వాత. హాస్పిటల్ ముందు."

"అవును."

లేలండ్ జేబులోంచి ఎడమ చెయ్యి తీశాడు. బల్ల మీద, ప్లేటుకూ లాప్‌టాప్‌కూ మధ్య పెట్టాడు. మనుషుల ముందు అతను దాన్ని బయటపెట్టడం అదే మొదలు. బొటనవేలు చూపుడువేలికి తగులుతూ, విడిపోతూ, కనపడని మాత్రను నలుపుతున్నట్టు ఆడుతోంది. అది ఆగుతుందేమోనని ముగ్గురూ చూశారు. ఆగలేదు.

"ఇది నాది," అన్నాడు. "నీ అబద్ధానికి నా చెయ్యెందుకు వాడుకున్నావు?"

"నిజం చెప్తే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"అందుకే."

"అబద్ధం చెప్తే ఒప్పుకున్నానా?"

"లేదు."

"మరి ఏం సాధించావు?"

"త్యాగమంటే కోప్పడి ఊరుకుంటావనుకున్నా," అంది సోల్వే. "ఇష్టమంటే క్షమించవని భయపడ్డా. వాళ్ళకి మాట కూడా ఇచ్చేశాను నాన్నా. మిమ్మల్నే మొదట రాస్తానని ఒక్క చోటికే చెప్పొచ్చు. రెండు చోట్ల చెప్పకూడదు. నేను వాళ్ళకే చెప్పాను."

"మాట ఇచ్చాక ఆ పేర్లు రోజూ కిందికీ మీదికీ ఎందుకు లాగుతున్నావు?"

"తెలీదు."

"మీ అమ్మని చంపినవాళ్ళ దగ్గర పని నేర్చుకుంటానంటావు, ఎందుకంటే తెలీదంటావు."

"లేలండ్!" అంది మార్లిస్.

"ఇది మా ఇద్దరి సంగతి. నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు."

అతను కోటు తీసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వెయ్యలేదు. అతనికి కోపం ఎక్కువైనప్పుడు చప్పుళ్ళు తగ్గుతాయి.

మార్లిస్ హాట్‌డిష్ గిన్నెకు గుడ్డ మళ్ళీ చుట్టింది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. "నోట్లో గుడ్డ కుక్కుకుని రావాల్సింది నేను," అంది.

"నువ్వు కాదత్తా. నేనే."

"వాడు అంత తొందరగా లోపలికి రాడు. అచ్చం మా నాన్నే. చెప్పాల్సిందేమన్నా మిగిలుంటే వెళ్ళి చెప్పు. ఏడుపొస్తే అక్కడే ఏడువు. ఇక్కడికొచ్చి నా గిన్నెలో ఏడవకు."

కొరీన్ చావు ఒక శనివారం మొదలైంది. వాకిట్లో మంచు ఎత్తి పోసి లోపలికొచ్చింది. మెడ పట్టేసిందంది, తలనొప్పి అంది. కాఫీ తాగుతూ కప్పు వైపు విచిత్రంగా చూసింది. లేలండ్ ఆమెను నది హాస్పిటల్‌కు తీసుకెళ్ళాడు. శనివారం జనం ఎక్కువ. ఒక కుర్ర డాక్టరు వచ్చి, మైగ్రేన్ అని మాత్రలిచ్చి పంపేశాడు. మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగిందని ఎవరూ చూడలేదు. మర్నాడు ఉదయం ఈ వంటింట్లోనే పడిపోయింది. ఆ రోజు మంచు ఆగకుండా పడుతోంది. అంబులెన్స్ ముందు లేలండ్ తన లారీతో దారి చేసుకుంటూ వెళ్ళాడు, కౌంటీ హద్దు దాకా. అవతల దారి ఎవరూ తియ్యలేదు. అయినా ఆగకుండా తోసుకుంటూ పోయాడు. కొరీన్ మళ్ళీ మాట్లాడలేదు. హాస్పిటల్ వాళ్ళు వివరం చెప్పడానికొచ్చినప్పుడు అతను లేచి బయటికెళ్ళిపోయాడు. సోల్వే మాత్రం కూర్చుంది.

షెడ్డులో లేలండ్ తన సొంత ట్రక్కు ముందు వంగి, మంచు తోసే రేకుకు బోల్టులు బిగిస్తున్నాడు. పానా ఎడమ చేతిలోంచి జారి కింద పడింది. సోల్వే వంగబోయి ఆగిపోయింది. అతనే తీసుకున్నాడు.

"చలిగా ఉంది. లోపలికి పో."

"ఒకటి చెప్పి పోతాను. ఆ రోజు నువ్వు వెళ్ళిపోయాక ఒక పెద్ద డాక్టరు వచ్చింది. కోవాచ్ అని. నా పక్కన కూచుంది. మాది తప్పు అంది. పొరపాటు జరిగింది అనలేదు. దురదృష్టం అనలేదు. మాది తప్పు అంది."

పానా ఆగింది. "ఆరేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వినేవాడివా?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "వినేవాణ్ణి కాదు," అన్నాడు.

"శనివారం అమ్మ ఏమేమందో అంతా చెప్పమంది. నేను కప్పు సంగతి చెప్పాను. నువ్వు నాతో అన్నావుగా, అమ్మ కప్పు పట్టుకుని..."

"'ఈ కప్పు నేను పట్టుకున్నట్టు లేదు లేలండ్. ఎవరిదో చెయ్యి పట్టుకుంది,' అంది." అతను ఆ మాటల్ని గోడకు చెప్పాడు. "ఆ కుర్రాడికీ చెప్పాను. చెప్పాను వాడికి. రాసుకోలేదు."

"తెలుసు."

"తలూపాడు. రాసుకోలేదు."

సోల్వే చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. "డిసెంబర్లో నన్ను పిలిచినప్పుడు వార్డంతా తిప్పారు. ఒకావిడ తలనొప్పితో వచ్చింది. ఒక జూనియర్ డాక్టరు ఏం చేశాడో తెలుసా? కాగితం కప్పు తీసి ఆవిడ చేతికిచ్చాడు. పట్టుకోండి, ఇది మీ చెయ్యేననిపిస్తోందా, ఇంకెవరిదోలా ఉందా అన్నాడు. తర్వాత రెండో చేతికి మార్చి మళ్ళీ అడిగాడు. ఇది పుస్తకంలో లేదే, ఎక్కడిదన్నాను. ఇక్కడ అందరం అడుగుతాం, కప్పు ప్రశ్న అంటాం, చేరిన మొదటి రోజే కోవాచ్ నేర్పుతుంది అన్నాడు. ఎవరు మొదట అన్నారో వాడికి తెలీదు."

"మీ అమ్మ పేరు?"

"చెప్పరు. రోగుల పేర్లు చెప్పకూడదు."

"ఆ ప్రశ్న వల్ల ఎవరన్నా బతికారా?"

"తెలీదు. అడగలేదు."

"అడగాల్సింది."

"నోరు రాలేదు నాన్నా. కార్లోకి వచ్చి పడ్డాను."

లేలండ్ పానాను గుడ్డతో తుడిచాడు. అప్పటికే శుభ్రంగా ఉంది. "అంటే వాళ్ళు మర్చిపోలేదు."

"లేదు."

"మర్చిపోకపోవడం ఏం గొప్ప? నేనూ మర్చిపోలేదు."

"గొప్పని నేననలేదు. అక్కడుండాలనిపించిందంతే. ఎందుకో నాకే అర్థం కావట్లేదు. ఇష్టమో, కోపమో, అమ్మ దగ్గరికి పోతున్నాననుకుంటున్నానో. బోస్టన్ని పైన పెడితే ఊపిరాడుతుంది, కాసేపటికి సిగ్గేస్తుంది. దీన్ని పైన పెడితే సిగ్గు పోతుంది, ఊపిరాడదు." ఆమె చంకల్లోంచి చేతులు తీసింది. "ఇంకోటి కూడా ఉంది. విను. నీ చెయ్యి వణకడం చూసినప్పుడు ముందు భయమేసింది. ఆ వెంటనే హమ్మయ్య అనిపించింది. కారణం దొరికిందని."

"హమ్మయ్యా?"

"అవును."

అతను ఆమెను చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అలాంటి మాట విని ఓదార్చే తండ్రులు ఉంటారు. లేలండ్ ఓదార్చలేదు. బోల్టు ఒకటి బిగించి, ఇంకోటి వెతికాడు. అది అతని ముందే ఉంది. కనపడలేదు.

"నా చేతిని పక్కన పెట్టు," అన్నాడు. "మీ అమ్మ బతికే ఉందనుకో. అప్పుడు ఏది రాస్తావు?"

సోల్వే నవ్వబోయింది. ఏడుపొచ్చింది. "అమ్మ బతికుంటే నేను నరాల డాక్టర్ని ఎందుకవుతాను నాన్నా? బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పుకునేదాన్ని. నీకు గుర్తులేదా? అప్పుడు నేను చదువుతున్నది అదే."

లేలండ్‌కు గుర్తుంది. కానీ ఆ రెండిటినీ ఒకచోట పెట్టి ఎప్పుడూ చూడలేదు. భార్య పోయింది, కూతురు చదువు మార్చుకుంది. తను రోడ్లు తోశాడు. ఎవరి చలి వాళ్ళు కాచుకున్నారని అనుకున్నాడు.

"లోపలికి పో," అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతులో గరుకు లేదు. అంతకన్నా ఏమీ లేదు కూడా.

మధ్యాహ్నమంతా అతను లోపలికి రాలేదు. మార్లిస్ హాట్‌డిష్ వేడి చేసి ప్లేటు తీసుకెళ్ళి షెడ్డు గుమ్మంలో పెట్టి వచ్చింది. "కుక్కకి పెట్టినట్టు పెట్టాను. తిన్నాడు," అంది. సోల్వే రెండు పేర్ల ముందు కూర్చుంది. ఒకసారి వేలు ఏ పేరు మీద ఉందో చూసుకోకుండానే లాగింది. పైకి బోస్టన్ వచ్చింది. అలాగే ఉంచుదామనుకుంది. తనకు ఇల్లు మిగులుతుంది, తండ్రికి కెఫేలో పరువు మిగులుతుంది. తను ఇచ్చిన మాట మాత్రం పోతుంది. అది ఎవరూ తిరగేసి చూడరు. కోవాచ్ కూడా అడగదు. అడగని మనిషికి ఇచ్చిన మాట కాబట్టే అది ఎక్కువ బరువుగా ఉంది.

కిటికీలో వెలుతురు తగ్గుతుండగా లేలండ్ వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. అలమర పక్కన కొక్కేనికి ఒక పింగాణీ కప్పు వేలాడుతోంది. అంచు ఒక చోట ఊడింది. కొరీన్‌ది. ఆరేళ్ళుగా దాన్ని ఎవరూ దించలేదు. మార్లిస్ ఒకసారి దుమ్ము తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇప్పుడు తనే దించాడు. వేడినీళ్ళతో కడిగి, నిండా కాఫీ పోశాడు.

"ఆ కుర్రాడిచ్చింది కాగితం కప్పా?" అన్నాడు.

"అవును."

"ఖాళీదా?"

"ఖాళీదే."

కప్పు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కుడి చేత్తోనే తెచ్చాడు. అయినా కొంచెం ఒలికింది. "ఖాళీ కాగితం కప్పుతో ఏం తెలుస్తుంది? దానికి బరువుండదు. మీ అమ్మ పట్టుకున్నది ఇది. నిండా ఉంది, కాలుతోంది. అంత బరువు చేతిలో ఉండి కూడా తను పట్టుకున్నట్టు లేదంది. సగమే నేర్చుకున్నారు వాళ్ళు."

అది వైద్యం ప్రకారం సరైనదో కాదో సోల్వే చెప్పగలదు. చెప్పలేదు.

"దీన్ని తీసుకెళ్ళు. మిగతా సగం నేర్పు," అన్నాడు.

మార్లిస్ ముక్కు చీదింది. గట్టిగా చీదింది, ఎవరూ తన వైపు చూడొద్దన్నట్టు.

"మొదట రాయమంటావా?" అంది సోల్వే.

"నేను రాయమనను. నువ్వు రాస్తే ఆపను. వాళ్ళని నేను క్షమించలేదు. క్షమించను. నువ్వు అక్కడ నాలుగేళ్ళు కాదు, నలభయ్యేళ్ళు పనిచేసినా క్షమించను. అది తెలిసే రాయి."

"మరి నన్ను?"

"చెయ్యి సంగతా?" అతను దాన్ని జేబులో పెట్టబోయి, మానుకుని, బల్ల మీద పెట్టాడు. "అది తర్వాత చూద్దాం."

"ఆ కోటు వేసుకుని ఇంటికి రావద్దన్నావు."

"రావద్దనే అన్నాను. గుమ్మం బయట తగిలించి రా."

సోల్వే కాఫీ ఒక గుక్క తాగింది. నోరు కాలింది. రెండో పేరును పట్టుకుని పైకి లాగింది. ఊపిరి బిగిసింది. ఈసారి అది వదిలేదాకా ఆగలేదు. అలా బిగిసిన ఊపిరితోనే మీట నొక్కింది. తనకేది కావాలో ఇప్పటికీ తెలియలేదు. ఏది వదులుకోవడం తన వల్ల కాదో మాత్రం తెలిసింది.

"మింగిందా?" అంది మార్లిస్.

"మింగింది."

మార్చిలో జవాబు వచ్చింది. మొదట రాసిందే. ఆ మధ్యాహ్నం సోల్వే ఫోన్ చేసేసరికి లేలండ్ లారీలో ఉన్నాడు. "సరే," అన్నాడు. కెఫేలో ఎవరో, ఏమయ్యా, బోస్టన్ అన్నావుగా అని ఎగతాళి చేశారు. నేనన్నాను, మా అమ్మాయి అనలేదు అని చెప్పి కాఫీ తాగాడు. మార్లిస్ పోరు పడలేక అవతలి దిక్కు ఊళ్ళో ఒక డాక్టరుకు చెయ్యి చూపించుకున్నాడు. సోల్వే ఊహించిందే. మాత్రలు రాశారు. వేసుకుంటున్నాడో లేదో మార్లిస్ వచ్చి లెక్కపెట్టి పోతుంది.

జూన్‌లో సోల్వే సామానంతా అతని ట్రక్కులో వేసుకుని ఇద్దరూ బయల్దేరారు. రోడ్డుకు రెండు వైపులా చక్కెర తీసే బీట్ దుంపల చేలు పచ్చగా ఉన్నాయి. కౌంటీ హద్దు పలక కనపడగానే లేలండ్ వేగం తగ్గించాడు. ఆపుతాడేమోననుకుంది సోల్వే. ఆపలేదు. "ఇక్కణ్ణుంచి వాళ్ళ రోడ్డు," అన్నాడు. "గతుకులు చూడు."

హాస్పిటల్ వెనక, జూనియర్ డాక్టర్లు ఉండే ఇళ్ళ దగ్గర ట్రక్కు నిలిపాడు. ఇంజను ఆపలేదు. "నేను దిగను. ముందే చెప్పాను."

"చెప్పావు," అంది సోల్వే.

ఆమె ఒక్కతే పెట్టెలు మోసింది. పైకీ కిందికీ తిరిగింది. ఆఖరి పెట్టె పెట్టి కిందికొచ్చేసరికి ఇంజను చప్పుడు లేదు. ట్రక్కులో ఎవరూ లేరు. ఆమె రోడ్డు వైపు చూసింది.

వెనక్కి తిరిగితే, ఆ ఇంటి గుమ్మం పక్కనే లేలండ్ నిలబడి ఉన్నాడు. గడప ఇవతలే. పాత దినపత్రికలో చుట్టి ఇచ్చిన కప్పును ఆమె సీటు మీద మర్చిపోయింది. అతను కాగితం విప్పి, ఫ్లాస్కులో కాఫీ దాని నిండా పోసి తెచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి వణికినప్పుడల్లా కాఫీ అంచు దాకా వచ్చి, ఊడిన చోట ఒక చుక్క జారుతోంది. చొక్కా చేతి అంచు తడిసింది. అతను తుడుచుకోలేదు, చెయ్యి దాచుకోలేదు. తల ఎత్తి ఎదురుగా ఉన్న హాస్పిటల్ కిటికీలను చూస్తున్నాడు.

సోల్వే దగ్గరికొచ్చింది. కప్పు తీసుకోలేదు. అతని చేతుల మీద తన చేతులు వేసింది. అడగకూడదనుకుంది. అడిగేసింది.

"ఇది నీ చెయ్యేననిపిస్తోందా నాన్నా?"

ఆరేళ్ళ తర్వాత ఆ మాట అతని వైపు తిరిగి వచ్చింది. లేలండ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటినీ తుడుచుకోలేదు. కింద వణుకుతున్న బొటనవేలును, పైన ఉన్న కూతురి వేళ్ళను చాలాసేపు చూశాడు.

"నాదే," అన్నాడు. "ఇప్పటికి నాదే."